జట్టులో ఒకే చోటు: గోల్‌కీపర్ కావాలనుకునే పల్నాడు పిల్లలకు

నరసరావుపేటలో ఒక పాఠశాల మైదానం. సాయంత్రం ఐదున్నర దాటినా నేలలోంచి సెగ ఇంకా కొడుతూనే ఉంది. రెండు ఇటుకలే గోల్‌పోస్టులు. వాటి మధ్య తొమ్మిదో తరగతి పిల్లవాడు నిలబడ్డాడు. మోచేతి మీద పాత గాయం ఆరకముందే కొత్తది తగిలింది. పసుపు అద్దిన మరక ఇంకా కనపడుతోంది. బంతి కుడి పక్కకు దూసుకొచ్చింది. వాడు అడ్డం పడ్డాడు, వేళ్ళ చివరలతో బయటికి నెట్టాడు, లేచి చొక్కా దులుపుకుని మళ్ళీ అదే చోట నిలబడ్డాడు.

"నిన్ను గోల్‌కీపర్‌గా ఎవరు పెట్టార్రా?" అని అడిగాను.

"పరుగెత్తలేనని పెట్టారు సార్. ఇప్పుడు తీస్తామన్నా నేనే వద్దంటున్నా."

పక్కనే స్కూటర్ మీద కూర్చుని కొడుకు కోసం ఎదురుచూస్తున్న వాళ్ళ నాన్న మాత్రం నన్ను వేరే ప్రశ్న అడిగాడు. "ఇది ఆడితే రేపు అన్నం పెడుతుందాండీ?"

ఆ తండ్రికి అప్పుడు నిలబడి చెప్పిన జవాబు సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. గోల్‌కీపింగ్‌తో బతకవచ్చు. కాకపోతే ఈ పనిలో జట్టుకు ఒకే చోటు ఉంటుంది, దాని కోసం ఏళ్ళ తరబడి కాచుకోవాలి. ఆ కాచుకునే రోజుల్లో కాళ్ళ కింద నేల ఎలా గట్టిపరచుకోవాలో తెలిసినవాళ్ళే నిలిచారు. తెలియనివాళ్ళు మంచి ఆటగాళ్ళయి ఉండీ ఇరవై రెండేళ్ళకే ఆట మానేశారు.

పల్నాడు కంటే చిన్న దేశం

యూరప్ ఉత్తరాన బాల్టిక్ సముద్రం ఒడ్డున ఎస్టోనియా అనే దేశం ఉంది. దేశం మొత్తం కలిపినా జనాభా పద్నాలుగు లక్షలు దాటదు. 2022లో ఏర్పడిన మన పల్నాడు జిల్లాలో 2011 లెక్కల ప్రకారమే ఇరవై లక్షల మంది ఉన్నారు. అంటే జనం లెక్కన చూస్తే మన నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల డివిజన్లు కలిపి ఒక ఎస్టోనియా కంటే పెద్దవి. పైగా అక్కడ ఏడాదిలో చాలా నెలలు మంచు. బయట మైదానంలో ఆడుకునే రోజులు తక్కువ.

ఆ దేశం నుంచి 1972లో టాలిన్‌లో పుట్టిన మార్ట్ పూమ్ అనే గోల్‌కీపర్ వచ్చాడు. దేశం తరఫున 120 మ్యాచ్‌లు ఆడాడు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో డెర్బీ కౌంటీకి గోల్ కాశాడు. పేరు ప్రతిష్ఠలు అందరూ చెబుతారు. ఆయన కెరీర్‌ని సంవత్సరాల వారీగా పరచి చూస్తేనే మనకు పనికొచ్చే విషయం బయటపడుతుంది.

సొంత దేశంలో మొదలుపెట్టి ఫిన్లాండ్, స్విట్జర్లాండ్‌లలో చిన్న క్లబ్బుల్లో ఆడాడు. 1994లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ తీసుకుంది. అక్కడ రెండేళ్ళలో లీగ్ మ్యాచ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మాత్రమే దక్కాయి. తిరిగి ఇంటికి వచ్చి టాలిన్‌లోని ఫ్లోరా క్లబ్‌లో ఆడాడు. మన ఊళ్ళో అయితే ఆ దశలో "విదేశం వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాడు" అనేవాళ్ళు. 1997 ఫిబ్రవరిలో మొనాకోలో స్కాట్లాండ్‌తో ఎస్టోనియా మ్యాచ్ జరిగింది. పూమ్ గోడలా నిలబడ్డాడు. మ్యాచ్ 0-0. కొద్ది వారాల్లో డెర్బీ కౌంటీ ఆయన్ని తీసుకుంది. ఏప్రిల్ 5న తొలి మ్యాచ్, అదీ మాంచెస్టర్ యునైటెడ్ సొంత మైదానంలో. డెర్బీ 3-2తో గెలిచింది. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక విషయం గమనించాలి. ముందు వరుసలో గోల్స్ కొట్టేవాడు పంతొమ్మిదేళ్ళకే వెలుగులోకి వస్తాడు, ముప్పై రెండుకల్లా కాళ్ళు బరువెక్కుతాయి. గోల్‌కీపర్ పాతికేళ్ళకు మొదలై ముప్పై ఏడు, ముప్పై ఎనిమిదిదాకా ఆడతాడు. పూమ్ ముప్పై ఏడేళ్ళకు రిటైరయ్యాడు. మధ్యలో ఆర్సెనల్ లాంటి పెద్ద క్లబ్‌లో ఉన్నా అక్కడ లీగ్‌లో ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. మిగిలిన రోజులన్నీ ప్రాక్టీసే. 2003 సెప్టెంబర్ 20న సండర్లాండ్ తరఫున డెర్బీ మీదే ఆడుతూ చివరి నిమిషాల్లో ఎదుటి గోల్ దాకా పరుగెత్తి తలతో గోల్ కొట్టి మ్యాచ్‌ని 1-1 చేశాడు. గోల్‌కీపర్లు చేసే పని కాదది. డెర్బీ అభిమానులు కూడా లేచి చప్పట్లు కొట్టారంటే ఆ ఊళ్ళో ఆయన మీద ఎంత ప్రేమో అర్థం చేసుకోండి. ఆట మానాక ఎస్టోనియా జాతీయ జట్టుకు గోల్‌కీపింగ్ కోచ్ అయ్యాడు.

అదే దేశం నుంచి ఇప్పుడు కార్ల్ హైన్ ఉన్నాడు. 2018లో, పదహారేళ్ళ వయసులో ఆర్సెనల్‌కి వెళ్ళాడు. జాతీయ జట్టుకు మొదటి గోల్‌కీపర్ అయ్యాక కూడా ఆర్సెనల్ పెద్ద జట్టులో అతనికి దక్కింది 2022 నవంబర్‌లో ఒక లీగ్ కప్ మ్యాచ్. అది కూడా ఓడిపోయారు. 2024లో స్పెయిన్‌లోని వయ్యడోలిద్‌కి అరువుగా వెళ్ళి అక్కడ నిలకడగా ఆడాడు. ఆ జట్టు ఆ ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచి కింది డివిజన్‌కి పడిపోయింది. అయినా అతను నష్టపోలేదని నా అభిప్రాయం. బల్ల మీద కూర్చుని గెలిచే జట్టులో ఉండడం కన్నా ఓడే జట్టుకు వారం వారం గోల్ కాయడంలోనే గోల్‌కీపర్ ఎదుగుతాడు. మీ జిల్లా జట్టులో రెండో గోల్‌కీపర్‌గా ఉండే కంటే పక్క ఊరి చిన్న జట్టులో మొదటివాడిగా ఆడండి.

మన గడ్డ మీద నిలబడ్డవాళ్ళు

ఎస్టోనియా దాకా ఎందుకు? ఆసియాలోనే ఉత్తమ గోల్‌కీపర్ అని 1958లో పేరు పొందిన పీటర్ తంగరాజ్ పుట్టింది హైదరాబాద్‌లో, 1935లో. సికింద్రాబాద్‌లోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆడి సైన్యంలో చేరాడు. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులో మొదట ఆయన ఆడింది సెంటర్ ఫార్వర్డ్‌గా. తర్వాతే గోల్‌కి వచ్చాడు. ఆ జట్టుతో 1955లో, 1958లో డ్యూరాండ్ కప్ గెలిచాడు. 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్లలో ఉన్నాడు. కలకత్తాలో మొహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు. 1967లో అర్జున అవార్డు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో తంగరాజ్ అనారోగ్యంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడు. ప్రద్యుత్ బర్మన్ గోల్ కాశాడు. ఫైనల్ నాటికి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మళ్ళీ తంగరాజ్‌ని దింపాడు. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాని 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. ఆ రహీం కూడా మన హైదరాబాద్ వాడే, ఉపాధ్యాయుడిగా పనిచేసి ఫుట్‌బాల్ కోచ్ అయినవాడు. తంగరాజ్ కథలో మన పిల్లలు గట్టిగా పట్టుకోవాల్సింది ఆ స్వర్ణం కన్నా ముందు వచ్చిన ఉద్యోగం. సైన్యం ఇచ్చిన జీతం, తిండి, మైదానం ఉండబట్టే నెమ్మదిగా గోల్‌కీపింగ్ నేర్చుకునే తీరిక దొరికింది.

ఇంకో పేరు చెబుతాను. ఆట వేరు గానీ పని అదే. తిరుపతి దగ్గర యనమలవారిపల్లె అనే పల్లె నుంచి వచ్చిన రజని ఎతిమరపు భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. జట్టులో ఆమె ముందు సవిత ఉండేది. ప్రపంచంలోనే మేటి గోల్‌కీపర్లలో ఒకరు. కాబట్టి రజని చాలా ఏళ్ళు రెండో స్థానంలోనే నిలబడాల్సి వచ్చింది. ఆ స్థానంలోనే 2017లో ఆసియా కప్ గెలిచిన జట్టులో, 2018లో ఆసియా క్రీడల రజతం గెలిచిన జట్టులో, 2022లో కామన్వెల్త్ క్రీడల కాంస్యం గెలిచిన జట్టులో ఉంది. మ్యాచ్ రోజు పేరు పిలవకపోయినా మర్నాడు తెల్లారి మైదానానికి వెళ్ళగలరా? ఈ ప్రశ్నకు మీ జవాబేమిటో ముందు తేల్చుకోండి. మిగతావన్నీ నేర్చుకోవచ్చు.

ఎండలో, గట్టి నేల మీద

ఇక మన ఊళ్ళ సంగతి. వేసవిలో మండే ఎండల వార్తల్లో మన రెంటచింతల పేరు కనపడని సంవత్సరం ఉండదు. ఆ ఎండలో పదకొండు గంటలకు ప్రాక్టీసు పెట్టే మాస్టార్లు ఇంకా ఉన్నారు. దయచేసి మానేయండి. తెల్లవారి ఐదున్నర నుంచి ఏడున్నర, మళ్ళీ పొద్దు వాలాక. నీళ్ళలో చిటికెడు ఉప్పు, కాస్త చక్కెర, నిమ్మరసం చాలు.

గట్టి నేల మీద పడడం నేర్చుకోవడమే మన పిల్లలకు మొదటి చదువు. నరసరావుపేట మైదానంలో ఆ పిల్లవాడికి మోచేయి ఎందుకు కొట్టుకుపోయిందో దగ్గరగా చూశాను. బంతి కోసం గాల్లోకి లేచి ముందు మోచేయి ఆనిస్తున్నాడు. పడే వరుస వేరు. ముందు పిక్క పక్క భాగం, తర్వాత తొడ, నడుము పక్క, చివరికి భుజం. మోచేయి నేలకు తగలకూడదు, బంతి వెనకాల ఉండాలి. చేతుల్లో బంతిని ముందు పట్టి, దాని మీదకు వాలినట్టు పడాలి. ఇది నేర్పడానికి గడ్డి మైదానం అక్కర్లేదు. దాదాపు ప్రతి హైస్కూల్లోనూ లాంగ్‌జంప్ గుంట ఉంటుంది. అందులో ఇసుక గుల్ల చేసి, మోకాళ్ళ మీద కూర్చుని పక్కకు పడడం మొదలుపెట్టండి. నెల తర్వాత కూర్చున్న చోటు నుంచి, ఆ తర్వాత నిలబడ్డ చోటు నుంచి. కబడ్డీ ఆడే పిల్లలు దీన్ని రెండు రోజుల్లో పట్టేస్తారు, ఎందుకంటే పడడం వాళ్ళ ఒంటికి ముందే తెలుసు. వాలీబాల్‌లో బ్లాక్ చేసే పొడుగు పిల్లలు గాల్లో బంతి అందుకోవడంలో ముందుంటారు. మన జిల్లాలో ఈ రెండు ఆటలూ బాగా ఆడతారు. పీఈటీ మాస్టార్లు గోల్‌కీపర్ కోసం ముందు వెతకాల్సింది అక్కడే.

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ చుక్క 11 మీటర్ల దూరంలో ఉంటుంది. గట్టిగా కొడితే బంతి అర సెకను లోపే గోల్ చేరుతుంది. కాబట్టి పొడుగు కావాలి, అది దాచేది కాదు. మగపిల్లల్లో ఆరడుగులకు దగ్గరగా ఉన్నవాళ్ళకే పెద్ద స్థాయిలో చూపు పడుతుంది. అయితే పదమూడేళ్ళ పిల్లవాడు పొట్టిగా ఉన్నాడని తీసేయడం తొందరపాటు, వాడు పదిహేడుకు ఎంత పెరుగుతాడో ఎవరికి తెలుసు?

కాళ్ళ పని కూడా నేర్పాలి. 1992 నుంచి సొంత జట్టు ఆటగాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదు. 2025 నుంచి బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతిలో ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇస్తున్నారు. అందుకే రెండు కాళ్ళతోనూ పాస్ ఇవ్వగలవాడికే ఇప్పుడు చోటు. రోజూ సగం ప్రాక్టీసు మిగతా జట్టుతో కలిసి కాలి ఆట ఆడించండి. గ్లవ్స్ విషయంలో మోసపోకండి. మెత్తటి రబ్బరు గ్లవ్స్ మట్టి నేల మీద నెలకే చిరుగుతాయి. ప్రాక్టీసుకు చవకవి, మ్యాచ్‌కి మంచివి వేరుగా ఉంచుకోవాలి.

కాగితాలు సరిగా లేకపోతే ఆట ఉన్నా లేనట్టే

ఇది చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. బళ్ళో చేర్చేటప్పుడు ఏదో ఒక తేదీ వేయించేస్తారు. ఆధార్‌లో ఇంకో తేదీ ఉంటుంది. జనన ధ్రువపత్రం ఉండదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాళ్ళందరినీ కేంద్రీయ నమోదు వ్యవస్థలో, అంటే సీఆర్‌ఎస్‌లో నమోదు చేస్తుంది. వయసు మీద అనుమానం వస్తే మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్కగడతారు. వయసు తగ్గించి ఆడించే అలవాటు పిల్లవాడి కెరీర్‌ని అక్కడే ఆపేస్తుంది. జనన పత్రం, ఆధార్, పదో తరగతి రికార్డు మూడింటిలో తేదీ ఒకటే ఉండేలా ఇప్పుడే సరిచేయించండి.

పాఠశాల క్రీడల్లో అండర్-14, 17, 19 జట్లు ఉంటాయి. మండలం, జిల్లా, రాష్ట్రం వరుసలో ఎంపికలు. సమాఖ్య పోటీల్లో సబ్ జూనియర్, జూనియర్, ఆ తర్వాత పెద్దవాళ్ళకు సంతోష్ ట్రోఫీ. ఆడిన ప్రతి పోటీ సర్టిఫికెట్‌నీ అదే నెలలో తెచ్చుకుని దాచుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఫారాలు వేరువేరుగా ఉంటాయి. అంతర్జాతీయ స్థాయికి ఫారం-1, రాష్ట్ర జట్టు తరఫున జాతీయ పోటీలకు ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం-3, పాఠశాలల జాతీయ పోటీలకు ఫారం-4. ఏళ్ళ తర్వాత వెళ్ళి సంతకం పెట్టమంటే పెట్టేవాళ్ళు దొరక్క తిరిగినవాళ్ళని చాలామందిని చూశాను.

రాష్ట్రంలో శిక్షణ కోసం చూసేవాళ్ళకు అనంతపురంలో స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ నడిపే ఫుట్‌బాల్ అకాడమీ మంచి చోటు. పల్లె పిల్లల్ని హాస్టల్లో ఉంచి చదువూ ఆటా రెండూ చెప్పే పద్ధతి వాళ్ళది. చిన్న పిల్లలకు సైన్యం బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలు ఉన్నాయి, ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ లోపు తీసుకుంటారు. ఏ కంపెనీలో ఏ ఆట ఉందో ప్రకటనలో చూసుకుని వెళ్ళండి.

జీతం ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ స్కూటర్ తండ్రికి ఇప్పుడు నేరుగా చెబుతున్నాను. ఇండియన్ సూపర్ లీగ్ క్లబ్ మీద మాత్రమే ఆశ పెట్టుకోకండి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. 2022 మార్చి 20న ఫైనల్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కేరళ బ్లాస్టర్స్ మీద కప్పు గెలిపించాడు. ఆ రాత్రి తెలుగు రాష్ట్రాల్లో ఫుట్‌బాల్ తెలిసిన ప్రతి ఇల్లూ పండగ చేసుకుంది. తర్వాత క్లబ్ ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది లీగ్ నిర్వహణ ఒప్పందం చిక్కుల్లో పడి కొత్త సీజన్ సమయానికి మొదలవలేదు. ఆటగాళ్ళు జీతాల కోసం ఎదురుచూశారు.

అందుకే తంగరాజ్ దారి ఇప్పటికీ సరైన దారి అంటాను. సైన్యంలో క్రీడాకారులకు హవల్దార్, నాయబ్ సుబేదార్ స్థాయిల్లో నేరుగా ప్రవేశం ఉంది. రైల్వేలు, కేంద్ర పోలీసు బలగాలు, ఆదాయపు పన్ను శాఖ క్రీడా కోటా ప్రకటనలు ఇస్తుంటాయి. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాని 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. 2025లో ఉపాధ్యాయ నియామకాల మెగా డీఎస్సీలో 421 పోస్టులు ఆ కోటాకే కేటాయించారు. ఒక ఉపాయం కూడా ఉంది. సంస్థల జట్లు ఎంపికలు పెట్టినప్పుడు ఫార్వర్డ్‌లు గుంపులుగా వస్తారు, గోల్‌కీపర్లు తక్కువ మంది వస్తారు. ప్రకటనలో ఏ స్థానానికి మనిషి కావాలో రాస్తారు. గోల్‌కీపర్ అని ఉన్న ప్రకటన ఏదీ వదలకండి.

డిగ్రీ మానకండి. ఇంటర్ తర్వాత యూజీడీపీఈడీ, డిగ్రీ తర్వాత బీపీఈడీ చేయడానికి ఏపీ పీఈసెట్ రాయాలి. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉంది. ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్స్‌తో మొదలుపెట్టి పైకి వెళ్ళవచ్చు, గోల్‌కీపింగ్ కోచ్‌లకు ప్రత్యేక కోర్సులు కూడా ఉన్నాయి. మన రాష్ట్రంలో గోల్‌కీపర్లకు విడిగా నేర్పేవాళ్ళు చాలా తక్కువ. ఇరవై ఐదేళ్ళకు ఆట ఆగిపోయినవాడికి కూడా ఇక్కడ పని ఉంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. అదితి చౌహాన్ అనే భారత గోల్‌కీపర్ 2015లో ఇంగ్లండ్‌లో వెస్ట్ హామ్ మహిళల జట్టుకు ఆడింది. క్రీడా కోటాలో అమ్మాయిలకూ ఇవే ఉద్యోగాలు. ఎంపికలకు వచ్చే అమ్మాయి గోల్‌కీపర్లు ఇంకా తక్కువ. మాచర్లలోనో గురజాలలోనో హైస్కూల్లో వాలీబాల్ ఆడే పొడుగు పిల్ల ఉంటే, ఆమె చేతికి ఒకసారి గ్లవ్స్ ఇచ్చి చూడండి.

పీఈటీ మాస్టార్లకు నా విన్నపం ఒకటే. పరుగెత్తలేనివాణ్ణి గోల్‌లో పెట్టే అలవాటు మానండి. జట్టులో అందరికన్నా ధైర్యం ఉన్నవాణ్ణి, పొడుగైనవాణ్ణి, ఓడిన మర్నాడు ముందుగా గ్రౌండుకి వచ్చేవాణ్ణి అక్కడ నిలబెట్టండి. పిల్లలూ, మీరు ఈ వారమే మాస్టారి దగ్గరికి వెళ్ళి సీఆర్‌ఎస్ నమోదు అడగండి. వెళ్ళేటప్పుడు జనన ధ్రువపత్రం వెంట తీసుకెళ్ళండి.